మార్ఫిన్ మొదటి మాత్ర వేసే ముందు

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. నాన్నగారికి 66 ఏళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకి, తుంటి ఎముకకి పాకింది. రెండు నెలలు ట్రమడాల్ వాడినా నొప్పి ఆగకపోవడంతో డాక్టరుగారు మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకొకటి చొప్పున రాశారు. మాత్రలు తెచ్చి మూడు రోజులైంది, ఇంకా ఒక్కటీ వేయలేదు. "అది మొదలుపెడితే ఇక అంతేనట" అని అమ్మగారు ఏడుస్తున్నారు. అలవాటు పడిపోతారేమోనని మీ భయం. నాన్నగారేమో రాత్రంతా మంచం పట్టె పట్టుకుని కూర్చుంటున్నారు. వేయమంటారా, వేస్తే ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

నేను పాలియేటివ్ కేర్ నర్సుని, అంటే పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ చేసేదాన్ని. పదిహేడేళ్లుగా క్యాన్సర్ పేషెంట్ల ఇళ్లకి తిరుగుతున్నాను. మీ ఇంట్లో జరుగుతున్నదే ఎన్నో ఇళ్లలో చూశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వేయండి తమ్ముడూ. కానీ వేసే ముందు డాక్టరుగారికి ఒక్క ఫోన్ చేయండి. వీలైతే ఈ రాత్రే. మీ ఇద్దరి భయాలూ నన్ను కంగారుపెట్టలేదు. మాటల మధ్యలో మీరు అలా రాసేసిన మూడు సంగతులు మాత్రం కంగారుపెట్టాయి. నాన్నగారు నిద్ర కోసం ఐదేళ్లుగా రోజూ ఆల్ప్రాజోలామ్ వేసుకుంటున్నారు. నొప్పి ఎక్కువైన రోజున "రెండు పెగ్గులు" తాగుతున్నారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి నాలుగు నెలలైంది. ఈ మూడూ మార్ఫిన్ రాసిన డాక్టరుగారికి తెలుసా? మీరు రాసినదాన్ని బట్టి ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు అనిపిస్తోంది.

వాటి దగ్గరికి వచ్చే ముందు అమ్మగారి సంగతి. మార్ఫిన్‌ని నొప్పి ఎంత ఉందో చూసి రాస్తారు, ఆయుష్షు ఎంత మిగిలిందో చూసి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్టు తర్వాత మెట్టుగా మందులు వాడే పద్ధతి చెప్పింది. మొదట పారాసిటమాల్ లాంటివి, తర్వాత ట్రమడాల్, కోడీన్ లాంటివి, అవి చాలకపోతే మార్ఫిన్. నాన్నగారు ఆ మెట్లు ఎక్కే ఇక్కడికి వచ్చారు. ఎముకకి రేడియేషన్ ఇచ్చాక నొప్పి తగ్గి, డోసు కొంచెం కొంచెంగా దించుకుంటూ మార్ఫిన్ మానేసిన వాళ్లని నా చేతులతో చూసుకున్నాను. ఈ మాట అమ్మగారికి మీరు చెప్తే నమ్మకపోవచ్చు, డాక్టరుగారి చేత చెప్పించండి.

అలవాటు గురించి. ఒళ్లు మందుకి అలవాటు పడటం వేరు, మనిషి దానికి బానిస కావడం వేరు. కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపేస్తే చెమటలు, వణుకు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు రావచ్చు. అది ఒంటి అలవాటు, ఎవరికైనా వస్తుంది. అందుకే నొప్పి తగ్గింది కదా అని ఎవరికి వాళ్లు ఆపేయకూడదు, డాక్టరు చెప్పిన లెక్కలో దించాలి. క్యాన్సర్ నొప్పికి లెక్క ప్రకారం మార్ఫిన్ వాడుతూ వ్యసనపరులైన వాళ్లు నా అనుభవంలో చాలా చాలా అరుదు. అయితే మనిషికి ముందునుంచీ తాగుడో, గంజాయో, మరో మత్తో అలవాటుంటే మాత్రం దాచకుండా చెప్పాలి. చెప్పినంత మాత్రాన మందు రాయరనుకోకండి. వారానికి సరిపడా మాత్రమే ఇచ్చి, దగ్గరగా గమనిస్తారు.

ఒకావిడ గురించి చెప్తాను. రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకింది. కోడలు మార్ఫిన్ మాత్రలు తెచ్చి, భయమేసి బీరువాలో పట్టుచీరల కింద దాచేసింది. పన్నెండు రోజులు. పడుకుంటే నడుం పట్టేస్తోందని ఆ పెద్దావిడ వీధి అరుగు మీద స్తంభానికి ఆనుకుని రాత్రులు తెల్లవార్చింది. మేం వెళ్లిన సాయంత్రం మొదలుపెట్టాం. మర్నాడు పొద్దున పదింటికి కోడలి ఫోన్, "సిస్టర్, అత్తయ్య లేవట్లేదు" అని ఒకటే ఏడుపు. ఛాతీ మీద చెయ్యి పెట్టి నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టమన్నాను. పదహారు. గట్టిగా పిలవమన్నాను. "ఆఁ, వస్తున్నా" అని ఆవిడ అటు తిరిగి పడుకుందట. రెండు వారాల నిద్ర బాకీ అది. సాయంత్రం తనే లేచి మొహం కడుక్కుని కాఫీ అడిగింది. మీ ఇంట్లోనూ మొదటి రెండు మూడు రోజులు ఇలా ఎక్కువ నిద్ర ఉండొచ్చు. పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి సరిగా ఉందా, ఈ రెండే చూడండి.

ఇప్పుడు అసలు సంగతి, కిడ్నీ. మార్ఫిన్‌ని కాలేయం వేరే పదార్థాలుగా మారుస్తుంది, అవి మూత్రంలో బయటికి పోవాలి. కిడ్నీ నెమ్మదిస్తే అవి ఒంట్లో పేరుకుంటాయి. మొదటి రోజు మనిషి బాగానే ఉంటాడు. మూడో రోజుకో నాలుగో రోజుకో మత్తు ముంచుకొస్తుంది, మాట తడబడుతుంది, లేనివాళ్లెవరో గదిలో ఉన్నట్టు మాట్లాడతారు. చేతిలో గ్లాసు ఉన్నట్టుండి ఎగిరిపడేలా చేతులు ఝల్లుమంటాయి. ఈ ఝల్లుమనడాన్ని ఇంట్లో వాళ్లు "చలికేమో" అనుకుని వదిలేస్తారు. అలా వదిలేయకుండా వెంటనే ఫోన్ చేయాల్సిన గుర్తు అది.

ప్రోస్టేట్ సమస్య ఉన్న వాళ్లలో మూత్రానికి అడ్డం పడి కిడ్నీల మీద ఒత్తిడి పెరగొచ్చు. షుగర్ కూడా ఉందన్నారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ కూడా మధ్యమధ్యలో వేశామన్నారు, అదీ కిడ్నీకి మంచిది కాదు. నాలుగు నెలల కిందటి రిపోర్టు ఈ రోజు కిడ్నీ ఎలా ఉందో చెప్పదు. రేపు పొద్దున్నే రక్తం ఇస్తే సాయంత్రానికి క్రియాటినిన్ రిపోర్టు చేతికొస్తుంది. ఎక్కువగా ఉంటే డాక్టరుగారు మాత్ర సగం చేస్తారు, లేదా నాలుగు గంటలకి బదులు ఆరో ఎనిమిదో గంటలకి ఒకటి అంటారు, లేదా కిడ్నీ మీద అంత భారం పడని ఫెంటానిల్ లాంటిదానికి మారుస్తారు. మార్ఫిన్ వల్ల మూత్రం బిగపట్టడం కూడా జరగొచ్చు. పొత్తికడుపు ఉబ్బి, వస్తున్నట్టే ఉండి రావట్లేదంటే రాత్రైనా ఆగకండి, పైపు వేయించాలి.

రెండోది నిద్రమాత్ర. మార్ఫిన్‌తో ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్, క్లోనాజెపామ్ లాంటివి కలిస్తే ఒక్కొక్కటి విడిగా చేసేదానికన్నా ఎక్కువగా ఊపిరిని మందగింపజేస్తాయి. మద్యం కూడా అంతే. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ఎలర్జీకి వేసే అవిల్ లాంటి మగత మాత్రలూ ఇదే దారి. ఒక ఇంట్లో తండ్రికి రాత్రి పదింటికి మార్ఫిన్ ఇచ్చి కొడుకు పడుకున్నాడు. పెద్దాయన దిండు కింద తన పాత నిద్రమాత్రలు ఉన్నాయని ఆ అబ్బాయికి తెలియదు. తెల్లవారుజామున గురకలాంటి చప్పుడు వింటూ "హాయిగా నిద్రపోతున్నాడు" అనుకున్నాడట. ఆ గురక హాయి నిద్రది కాదు. ఆసుపత్రికి తీసుకెళ్లి మార్ఫిన్‌కి విరుగుడైన నలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే పెద్దాయన బతికాడు. అప్పటినుంచీ నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు దిండు కింద చూస్తాను.

అలాగని మీరు ఈ రాత్రి ఆల్ప్రాజోలామ్ ఆపేయకండి. ఐదేళ్ల నుంచి వేసుకుంటున్న దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఎంత పవరుదో చూసి డాక్టరుగారికి చెప్పండి. చాలామందికి నొప్పి తగ్గితే నిద్ర దానంతటదే వస్తుంది, నిద్రమాత్ర నెమ్మదిగా తగ్గించడం సులువవుతుంది. మద్యం విషయంలో మాత్రం ఏ సడలింపూ లేదు. నాన్నగారిని తిట్టకండి, నొప్పికి ఓర్చుకోలేక తాగుతున్నారాయన. "ఈ మాత్రతో తాగితే ఊపిరి ఆగుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకా రాత్రిళ్లు గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి లేవడం, ఉబ్బసం, ఎక్కువ రోజులుగా ఉన్న ఊపిరితిత్తుల జబ్బు, తలకి పాత దెబ్బ, ఫిట్స్, కాలేయం జబ్బు వీటిలో ఏదున్నా చెప్పాలి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లి బల్ల మీద గుమ్మరించండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కన్నా అదే నయం.

ట్రమడాల్ సంగతి కూడా అడగండి. మామూలుగా మార్ఫిన్ మొదలుపెట్టినప్పుడు దాన్ని ఆపేయమంటారు. చీటీలో రాయకపోతే ఇళ్లలో రెండూ కలిపి వేసేస్తుంటారు. పారాసిటమాల్ కొనసాగించవచ్చు, కానీ ఒకే మాత్రలో ట్రమడాల్, పారాసిటమాల్ కలిసి వస్తాయి కాబట్టి స్ట్రిప్పు వెనక చదవండి. నాన్నగారు రెండు నెలలు ట్రమడాల్ వాడి ఉన్నారు కాబట్టి 10 మిల్లీగ్రాములు రాసి ఉంటారు. ఇలాంటి మందు ఎన్నడూ వాడనివాళ్లకి, బాగా చిక్కిపోయిన పెద్దవాళ్లకి ఇంకా తక్కువతో మొదలుపెడతారు. పక్కింటి పేషెంటు డోసుతో పోల్చుకోకండి.

మన ఊళ్లలో ప్రత్యేకంగా జరిగేది ఇంకొకటుంది. అర్ధరాత్రి నొప్పి ఎక్కువైతే ఆర్‌ఎంపీ డాక్టరుని పిలుస్తారు. ఆయన మంచి మనసుతోనే పెంటజోసిన్ ఇంజెక్షన్ చేస్తాడు, ఫోర్ట్‌విన్ పేరుతో మీరు విని ఉంటారు. మార్ఫిన్ మీద ఉన్న మనిషికి అది పడకూడదు. అది మార్ఫిన్ పనిచేసే చోటే కూర్చుని దాన్ని పక్కకి నెట్టేస్తుంది. నొప్పి తగ్గకపోగా చెమటలు, వణుకు మొదలవుతాయి. నిద్రపోవాలని దాంతో పాటు డయాజెపామ్ కూడా ఎక్కిస్తే పైన చెప్పిన ప్రమాదం సరేసరి. మీ ఊరి ఆర్‌ఎంపీ గారికి ముందుగానే వెళ్లి చెప్పి ఉంచండి. చాలామంది అర్థం చేసుకుంటారు, కొందరు నాకే ఫోన్ చేసి అడుగుతారు కూడా.

మాత్ర ఎలా వేయాలి? మార్ఫిన్ రెండు రకాలుగా వస్తుంది. మామూలు మాత్ర అరగంటలో పనిచేయడం మొదలుపెట్టి నాలుగు గంటలు ఉంటుంది. ఎస్‌ఆర్ అని రాసి ఉన్నది నెమ్మదిగా కరిగి పన్నెండు గంటలు పనిచేస్తుంది. ఎస్‌ఆర్ మాత్రని నూరకూడదు, విరవకూడదు, నమలకూడదు. పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. మింగలేని వాళ్లకి ప్రేమతో నూరి తేనెలో కలిపి పెట్టిన వాళ్లున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మీరు రాసిన లెక్క ప్రకారం మీది మామూలు మాత్రే, అయినా స్ట్రిప్పు మీద చూసుకోండి.

నాలుగు గంటలకొకటి అంటే నొప్పి వచ్చినప్పుడు అని కాదు, గడియారం చూసి. మేం సాధారణంగా ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని పెడతాం. అర్ధరాత్రి 2 గంటలకి లేపక్కర్లేకుండా రాత్రి పదింటికి రెండు వేయమని చాలామంది డాక్టర్లు రాస్తారు. చీటీలో అలా ఉంటేనే వేయండి. ఒక పూట మర్చిపోతే దాన్ని తర్వాతదానితో కలిపి వేయకండి. మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనంగా ఎంత వేయవచ్చు, రోజుకి ఎన్నిసార్లు వేయవచ్చు అన్నది ముందే అడిగి రాయించుకోండి. ఈ ఒక్కటీ అడగకపోవడం వల్లే అర్ధరాత్రి ఇళ్లలో గొడవలవుతాయి.

పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. టైము, ఎన్ని మాత్రలు, పదికి నొప్పి ఎంత, విరేచనం అయిందా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు. అంతే. మాత్ర ఇచ్చే బాధ్యత ఒక్కరిదే ఉండాలి. అమ్మగారు ఒకటి, మీరు ఒకటి వేయకూడదు.

విరేచనం గురించి ఎవరూ ముందు మాట్లాడరు, తర్వాత అందరూ దాని గురించే ఏడుస్తారు. వికారం, మగత నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. మొదటి మాత్రతో పాటే విరేచనం మందు కూడా మొదలవ్వాలి, నాలుగు రోజులు ఆగి కాదు. బైసాకోడిల్, సెన్నా లాంటివి రాస్తారు. చీటీలో లేకపోతే అడగండి. ఇసబ్‌గోల్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. మంచం మీద ఉండి నీళ్లు తక్కువ తాగే మనిషికి అది లోపల ముద్దకట్టి ఇంకా బిగిస్తుంది. మూడు రోజులు కాకపోతే ఫోన్ చేయండి. మలబద్ధకం భరించలేక మార్ఫిన్ మానేసి మళ్లీ నొప్పిలో పడ్డవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఎందుకంటే అది పూర్తిగా ఆపగలిగినది. వాంతికి కూడా మొదటి వారం కోసం ఒక మాత్ర ఇంట్లో ఉంచుకోండి.

మంచం దిగేటప్పుడు ముందు కాళ్లు కిందకి వేసి రెండు నిమిషాలు కూర్చోమనండి. బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నారు కదా, లేవగానే కళ్లు తిరగొచ్చు. క్యాన్సర్ ఉన్న తుంటి ఎముక చిన్నగా పడినా విరగొచ్చు. బాత్‌రూమ్ దారిలో రాత్రంతా లైటు వేసి ఉంచండి. మొదటి వారం, డోసు మారిన వారం బండి నడపడం వద్దు.

ప్రమాదం గుర్తులు ఇవి: ఎంత కదిపినా లేవకపోవడం, ఊపిరి నిమిషానికి పది కన్నా తక్కువకి పడిపోవడం, గొంతులో గరగర, పెదాలు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవ్వడం. మిగతా గుర్తులేవీ లేకుండా కంటిపాపలు మాత్రమే చిన్నగా ఉంటే భయం లేదు, మార్ఫిన్ వాడేవాళ్లందరికీ అలా ఉంటుంది. లేవకపోవడం, ఊపిరి తగ్గడం కలిసి కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మార్ఫిన్ వాడుతున్నారన్న మాట అంబులెన్సులో ఎక్కించేటప్పుడే చెప్పండి. స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి.

ముందుముందు డాక్టరుగారు ఫెంటానిల్ ప్యాచ్‌కి మార్చవచ్చు. అప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, ప్యాచ్ మీద వేడి తగలకూడదు. వేడినీళ్ల బ్యాగు, కాపడం, ఎండ, చివరికి గట్టి జ్వరం కూడా మందుని ఎక్కువగా లోపలికి లాగేస్తాయి. తీసేసిన ప్యాచ్‌లోనూ మందు మిగిలి ఉంటుంది, అంటుకునే వైపు లోపలికి మడిచి పిల్లలకి అందకుండా చూడాలి.

మాత్రలు తాళంలో పెట్టండి. మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉందన్నారు. పెద్దాయనకి నొప్పి తగ్గించే ఒక్క మాత్ర ఆ పాపకి ప్రాణాంతకం కావచ్చు. మంచం పక్క స్టూలు మీద, కిటికీలో, పోపులపెట్టె పక్కన ఉంచకండి. రోజూ రాత్రి మాత్రలు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. మిగిలిపోతే ఆసుపత్రికే తిరిగి ఇవ్వండి. పాపం నొప్పి పడుతున్నాడని పక్కింటాయనకి ఇవ్వడం మాత్రం వద్దు.

వీధి చివర షాపులో ఈ మందు ఎందుకు దొరకలేదని అడిగారు. మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు లైసెన్సుతో గసగసాల పంట వేస్తారు. ఆ నల్లమందు నుంచే మార్ఫిన్ తీస్తారు. అయినా 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల నియంత్రణ చట్టం వల్ల ఏళ్ల తరబడి రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చి, ఆసుపత్రులే దీన్ని ఉంచడానికి జంకేవి. 2014 సవరణతో కొంత మారింది. ఇప్పుడు మార్ఫిన్ స్టాకు పెట్టుకోవడానికి గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఇస్తాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అలాంటివే. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేర్ వార్డులు వచ్చాయి. వాళ్లు ఆధార్ కాపీ అడిగినా, ఖాళీ స్ట్రిప్పులు తెమ్మన్నా విసుక్కోకండి, ప్రతి మాత్రకీ వాళ్లు లెక్క చెప్పాలి. మందు అయిపోవడానికి నాలుగు రోజుల ముందే వెళ్లండి, పండగ సెలవులు చూసుకోండి.

చివర్లో ఒక్క ముక్క రాశారు, మీ అన్నయ్య నడుంనొప్పికి నాన్నగారి పాత ట్రమడాల్ స్ట్రిప్పులు దుబాయ్ తీసుకెళ్తానంటున్నారని. దయచేసి ఆపండి. మన దేశంలోనే 2018 నుంచి ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ కిందకి వచ్చింది. యూఏఈలో అది నియంత్రణలో ఉన్న మందు. తన పేరున డాక్టరు చీటీ, అక్కడి ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా బ్యాగులో దొరికితే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, జైలు దాకా వెళ్లొచ్చు. గసగసాలని కూడా రానివ్వని దేశం అది. నడుంనొప్పికి ఆయన అక్కడే డాక్టరుకి చూపించుకోవాలి.

ఒక్క విషయం ఈ మందుతో సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. వెన్నెముకకి పాకిన వాళ్లలో కాళ్లు బలహీనపడటం, నడుం కింద తిమ్మిరెక్కడం, మలమూత్రాలు తెలియకుండా పోవడం మొదలైతే "మార్ఫిన్ వల్లేమో" అనుకుని ఇంట్లో కూర్చోకండి. వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి చేరితే కాళ్లు దక్కే అవకాశం ఉంటుంది, రెండు రోజులు ఆగితే పోతుంది.

ఫోన్ చేసినప్పుడు వరసగా ఇవి అడగండి: ఆల్ప్రాజోలామ్ ఏం చేయాలి, క్రియాటినిన్ వచ్చేదాకా ఎంత డోసుతో మొదలుపెట్టాలి, ట్రమడాల్ ఆపాలా, మధ్యలో నొప్పి వస్తే అదనంగా ఎంత, విరేచనం మందు ఏది, రాత్రి అవసరమైతే ఏ నంబరుకి చేయాలి. జవాబులు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. మొదటి మాత్ర వేశాక గంట సేపు పక్కనే కూర్చోండి. అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి, నొప్పి దిగడం ఆవిడ కళ్లతో చూడాలి. రెండు రోజుల తర్వాత ఆ పుస్తకంలోని అంకెలు నాకు రాయండి, ఎన్ని గంటలు పడుకున్నారో తప్పకుండా రాయండి.